గమ్నా కాకా చెయ్యి

గమ్నా కాకా ఒకచోట కుదురుగా కూర్చోవడం మా పల్లెల్లో ఎవరూ చూడలేదు. చిలుం పీల్చేది కూడా నిలబడే. పెళ్ళి పందిట్లో బలవంతంగా కూర్చోబెడితే రెండు నిమిషాలకు లేచి, పెళ్ళికొడుకు ఎక్కి వచ్చిన ఒంటె దగ్గరికి పోయి, దాని చెవులు తిరగేసి పిడుదులున్నాయేమో చూసేవాడు. ఉంటే గోటితో పీకి, పక్కనున్న పొయ్యి నిప్పుల్లో పడేసేవాడు. అవి చిటపటమంటే సంతోషం. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు మొహం చిట్లించుకున్నా ఆయనకు పట్టేది కాదు.

అరవై రెండేళ్ళ మనిషి. ఎండిన తుమ్మకర్రలా సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఎర్రటి పాగా, తెల్లటి అంగీ. తెల్లటిదని మర్యాదకు అనుకోవాలి గానీ చేదు ఆవనూనె, గంధకం, ఒంటె చెమట కలిసి దాని అసలు రంగు ఏమిటో కుట్టినవాడు కూడా చెప్పలేడు. చేతిలో ఎప్పుడూ కదురు తిరుగుతుండేది. ఒంటెలు కాసే మా రాయికా కులంలో మగవాళ్ళు మందల వెంట నడుస్తూ బొచ్చు వడకడం మామూలే. కాకా మాత్రం ఒంటెలు లేకపోయినా, మాట్లాడుతున్నా, తగవు పడుతున్నా వడుకుతూనే ఉండేవాడు. భార్య పోయిన రోజున కూడా వడికాడని ఆడవాళ్ళు చెప్పుకుంటారు. నిజమే. ఆ రోజు చేతులు ఊరికే ఉంచుకుంటే ఏమైపోయేవాడో వాళ్ళకు తెలియదు.

ఆయనకు చేతి మహిమ ఉందని ఆరావళి కొండల పడమటి దిగువన ఏడు పల్లెలూ నమ్మేవి. ఆ చెయ్యి తాత నుంచి వచ్చింది. చలికాలంలో ఒంటెలకు గజ్జి పడుతుంది. ముందు మొహం మీద, తర్వాత చంకల్లో, తొడల్లో బొచ్చు రాలి, చర్మం మందంగా చెక్కు కట్టి, పశువు తిండి మానేసి కనబడిన చెట్టుకల్లా ఒరుసుకుంటూ చిక్కి చచ్చిపోతుంది. పిడుదయితే కంటికి కనబడుతుంది, పీకి పారేస్తాం. గజ్జి పురుగు కనబడదు. అందుకే గజ్జి అనగానే కాకాకు కబురు పోయేది. ఆయన వచ్చి బొచ్చు కత్తిరించి, కుండ పెంకుతో చెక్కు గీకి, గంధకం కలిపిన నూనె మోచేతుల దాకా పూసుకుని పశువును రుద్దేవాడు. పది రోజులకోసారి, మూడుసార్లు. చాలా మందలు బాగుపడేవి. ఆ మాట కాదనడానికి లేదు.

ఇందుకు ఆయన గింజ తీసుకోడు. తాత పెట్టిన నియమం ఒక్కటే. మొదట కత్తిరించిన బొచ్చు కాకాది. దాన్ని జోలెలో వేసుకుని, దారిలో కొంత వడుక్కుంటూ ఇంటికొచ్చి, మిగిలిన కుచ్చును తన దొడ్డి వాకిట్లో ఉన్న వేప గుంజకు కట్టేవాడు. కుచ్చుకొక మంద. ఎవరైనా చుట్టం వస్తే మంచినీళ్ళకంటే ముందు ఆ గుంజ దగ్గరికి లాక్కుపోయేవాడు.

"ఇది ఊబారామ్ మంద. ముప్పై ఒకటి. అన్నీ బతికినై. ఈ నల్లది పహాడీ వాళ్ళది, రెండు పోయినై, అవి నేను పోయేసరికే కాళ్ళు చాపేసినై. ఇదిగో, ఈ తెల్లది చూడు..."

ఆ గుంజంటే ఆయన ఒంటెలకూ ఇష్టమే. వస్తూ పోతూ మెడ ఆనించి హాయిగా ఒరుసుకునేవి. ఇన్ని మందల దీవెన నా మందకు తగులుతోందని కాకా మురిసిపోయేవాడు.

గజ్జి ముమ్మరంగా ఉన్న నెలల్లో ఆయన వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ తీట. గోకి గోకి నెత్తురు వచ్చేది. అదీ గొప్పగానే చెప్పుకునేవాడు. "పశువు రోగం నా చేతిలోకి దిగి, నా ఒంట్లోంచి బయటికి పోతుందిరా. చెయ్యి ఉన్నోడికి ఈ తీట తప్పదు" అనేవాడు. వినేవాళ్ళు తలలూపేవాళ్ళు.

ఏడు పల్లెల మందలకూ నీళ్ళ తొట్టి ఒక్కటే. కొండ దిగువన లోతు బావి, దానికి మోట, పక్కన పొడుగాటి రాతి తొట్టి. గజ్జి పట్టిన మంద ఆ తొట్టి దగ్గరికి రాకూడదు, కొండ చెట్ల మేతకు పోకూడదు. పూర్వం నుంచీ ఉన్న కట్టుబాటు, మంచిదే. ఏ మందకు పట్టిందో, ఏ మందకు తగ్గిందో చెప్పేది కాకా. కాబట్టి తొట్టి దగ్గర ఆయన మాటకు తిరుగులేదు.

ఆ ఏడాది కార్తీకంలో ఓటారామ్ మందకు గజ్జి పట్టింది. ఓటా నలభై ఏళ్ళవాడు, తలవంచుకుని తన పని తాను చేసుకుపోయే మనిషి. పదహారు ఆడ ఒంటెలు. వాటి తల్లుల పేర్లు, తల్లుల తల్లుల పేర్లు ఏడు తరాల దాకా నోటికి వచ్చు. కాకా వెళ్ళి రుద్దాడు, తగ్గింది. మార్గశిరంలో మళ్ళీ పట్టింది. మళ్ళీ రుద్దాడు. పుష్యం వచ్చేసరికి మూడోసారి పట్టి, మందలోకెల్లా మేలైన కాజళీ అనే ఒంటె, కడుపులో పిల్లతో సహా చచ్చిపోయింది.

మర్నాడు తొట్టి దగ్గర భీకా అనే కుర్రకుంక నలుగురిలో పళ్ళికిలించాడు.

"ఏం కాకా, ఓటా దగ్గర నీ చెయ్యి పడుకున్నట్టుంది?"

అందరూ నవ్వారు. కాకాకు ఒళ్ళు మండింది. కదురు ఆపి, "నా చెయ్యి పనిచెయ్యని గుమ్మం ఒక్కటే ఉందిరా. ఆడ ఒంటెను అమ్ముకున్నోడి గుమ్మం" అన్నాడు.

నవ్వు టక్కున ఆగిపోయింది.

మేము మగ ఒంటెల్ని సంతలో అమ్ముకుంటాం. ఆడ ఒంటెను అమ్మం. మా దేవుడు పాబూజీ మా చేతికి అప్పగించిన సొత్తది. కన్నకూతుర్ని అమ్ముకున్నవాడితోనైనా ఒక మాట మాట్లాడతారేమో గానీ ఆడ ఒంటెను అమ్ముకున్నవాడితో మా వాళ్ళు ఒక చిలుం పీల్చరు. ఓటా అమ్మాడని కాకా ఎక్కడా వినలేదు, ఎవరూ చెప్పలేదు. భీకా గాడి నోరు మూయించడానికి నోటికొచ్చింది అనేశాడు. ఎంత మాట అన్నాడో అన్న మరుక్షణమే ఆయనకు తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. చెయ్యి పరువు దక్కింది కదా.

ఓటాను వెలివేశారు. తొట్టి లేదు, మేత లేదు, పలకరింపు లేదు. ఓటా ఒకసారి పెద్దల ముందు నిలబడి తన మందలో పుట్టిన ప్రతి ఆడ ఒంటె పేరూ, అది ఎక్కడ ఉందో, ఎలా చచ్చిందో వరసగా చెప్పబోయాడు. సగంలోనే లేచిపోయారు. ఆ తర్వాత అతను మందను తోలుకుని కోసెడు దూరంలో ఉన్న ఇసుక వాగు అవతలికి పోయాడు. అక్కడ చెలమ తవ్వుకుని తాగించుకుంటున్నాడని విన్నారు.

మాఘం రాగానే కాకా సొంత మందకు గజ్జి పట్టింది.

కొడుకు గొర్రెల మందతో మాళవ దేశం పోయి ఉన్నాడు. ఇంట్లో ఉన్నది కాకా, కోడలు సుగణీ. మా ఇళ్ళల్లో కోడలు మామకు మొహం చూపించదు, మామతో మాట్లాడదు. అత్త ఉంటే అత్త చెవిలో చెబుతుంది. అత్త లేదు కాబట్టి సుగణీ చెప్పవలసిందంతా గోడకో పొయ్యికో ఒంటెకో చెప్పేది, మామ వినేవాడు. ఆ పిల్ల మేలిముసుగు గడ్డం దాకా ఉండేది గానీ, నాలుకకు మాత్రం ఏ ముసుగూ లేదు.

ఆ పొద్దున ధోళీ అనే తెల్ల ఒంటెను కూర్చోబెట్టి దాని తోక కింద పిడుదులు పీకుతోంది. కాకా దొడ్డిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాడు.

"ఒసే ధోళీ" అంది సుగణీ గట్టిగా. "నీకీ గజ్జి ఎవరంటించారే? ఓటారామ్ మందేమో వాగు అవతల. వాటి మొహం చూసి నెల దాటె. రెక్కలు కట్టుకుని నువ్వే పోయొచ్చావా?"

"గజ్జి గాల్లో కూడా వస్తుందని చెప్పు దానికి" అన్నాడు కాకా నడుస్తూనే.

"విన్నావటే? గాల్లో వస్తుందంట. గాల్లో వస్తే కొండ వైపు కంచె దగ్గర నిలబడే ఆ రాతడీ ఒంటెకు ముందు రావాల్నా, నీకు రావాల్నా? దానికి రాలేదు. నీకొచ్చింది, నీ కూతురికొచ్చింది, ఆ ఒంటికన్ను ముసలిదానికొచ్చింది. మీ ముగ్గురూ పొద్దస్తమానం ఎక్కడే ఒరుసుకునేది?"

కాకా ఆగాడు.

"ఆ గుంజ దగ్గరే కదటే, మాయదారిదానా? ఊళ్ళోవాళ్ళ గజ్జి బొచ్చంతా తోరణం కట్టి ఉంటే, నీకేమో దీవెన దీవెన అని అక్కడే మెడ రుద్దుకోవాలె!"

"ఆ ఒంటెను నోరు మూసుకోమను!"

"మూసుకోవే ధోళీ, మామగారికి కోపం వస్తోంది. మా పుట్టింట్లో గొర్రెలకు గజ్జి వస్తే ఆ బొచ్చు గుంట తీసి పాతిపెడతారే. పాపం మా నాన్నకు చెయ్యి లేదు, ఉన్నదంతా బుర్రే."

కాకా కదురు నేలకేసి కొట్టి కంచె దాటి బయటికి పోయాడు.

మూడు రోజులు ఆయన ఇంటిపట్టున లేడు. పొద్దున సజ్జరొట్టె విరిచి సగం నోట్లో, సగం జోలెలో వేసుకుని బయల్దేరితే పొద్దుగూకాకే రావడం. పని ఉండి పోయింది కాదు. కొండ వైపు కొంత దూరం పోవడం, ఆగడం, వేళ్ళ సందులు గోక్కోవడం, వెనక్కి తిరగడం. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల నాకు గజ్జి గురించి చెబుతుందా అని ఒక అడుగు వేసేవాడు. ఎక్కడో లెక్క తప్పింది, చూద్దాం అని రెండో అడుగు. ఆ లెక్క చూడటమే ఆయన కొంప ముంచింది.

కార్తీకంలో ఓటాకు తగ్గింది. మళ్ళీ పట్టేలోపు అక్కడికి ఎవరు పోయారు? తనే. ఊబారామ్ మంద రుద్ది, వాళ్ళ బొచ్చు జోలెలో వేసుకుని, దారిలో ఓటా ఎలా ఉన్నాడో చూసిపోదామని ఆగాడు. చలిగా ఉంటే కాజళీ వీపుకు చేరబడి కునుకు తీశాడు. సాధు జంతువది, మనిషి ఆనుకుంటే కదిలేది కాదు. తలకింద ఏం పెట్టుకున్నాడు? ఆ జోలే. రెండోసారి? పహాడీ వాళ్ళ దగ్గర నుంచి తిన్నగా. మూడోసారి కూడా అంతే. ఆ కాజళీనే ఆనుకున్నాడు. ముందు చచ్చింది కాజళీయే.

ఒక్కొక్క పల్లే గుర్తు చేసుకున్నాడు. ఆయన పోయిన చోటల్లా గజ్జి తగ్గింది, ఆయన మళ్ళీ పోయిన చోటల్లా మళ్ళీ వచ్చింది. కంచే చేను మేసింది. చేతి తీట మహిమ కాదు, ఉత్త గజ్జి. ఒంటెకు పట్టిన పురుగే ఆయన వేళ్ళ మధ్య కాపురం పెట్టింది. ముప్పై ఏళ్ళుగా దానికి దణ్ణం పెట్టించుకున్నాడు. ఆ కొండ దారిలో నిలబడి గమ్నా కాకా సిగ్గుతో తనను తానే బండబూతులు తిట్టుకున్నాడు. మేస్తున్న మేకలు తప్ప వినడానికి అక్కడ ఎవరూ లేరు.

నాలుగోనాడు పొద్దున్నే గుంజకున్న కుచ్చులన్నీ ఊడదీశాడు. జోలెతో సహా దొడ్డి బయట కుప్పపోసి నిప్పంటించాడు. సుగణీ ఊరికే నీళ్ళ బిందె తెచ్చి మంట పక్కన పెట్టి లోపలికి పోయింది. కాలిన బొచ్చు కంపు పల్లెంతా కమ్మితే ముక్కు మూసుకుంటూ భీకా వచ్చాడు.

"ఏంది కాకా, తాతల నాటి బొచ్చు తగలబెడుతున్నావు?"

"ఎలుకలు చేరినై" అన్నాడు కాకా. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"కబురు విన్నావా? ఓటా దగ్గరికి తూర్పు నుంచి బేరగాడు వచ్చిపోయాడంట. పౌర్ణమికి పదహారూ, ఆఁ, పదిహేనూ తోలుకుపోతాడంట. అమ్మనీలే. ఎట్లాగూ అప్పుడే అమ్మినోడు, ఇప్పుడు అమ్మితే కొత్తగా పోయేదేముంది?"

కాకా గాల్లోంచి పుట్టించిన మాట నడుచుకుంటూ పోయి నిజమై కూర్చోబోతోంది. ఓటా అమ్మితే ఇక ఎవరూ ఏమీ అడగరు. కాకా అన్నమాట అన్నట్టే జరిగిందని చేతులు కూడా జోడిస్తారు. పౌర్ణమికి రెండు రోజులుంది.

ఆ రోజు ఏడు పల్లెల మందలూ ఒకేసారి తొట్టికి వచ్చే రోజు. మధ్యాహ్నం ఆయన పోయేసరికి మగవాళ్ళందరూ ఉన్నారు. మోట తోడుతున్నవాళ్ళు తోడుతున్నారు, జమ్మిచెట్టు నీడన పెద్దలు చిలుం అందుకుంటున్నారు. తొట్టి పెద్ద పూనాజీ, డెబ్బై అయిదేళ్ళవాడు, "రా గమ్నా, ఒక దమ్ము లాగు" అని చిలుం చాపాడు.

"నేను పట్టుకున్నది మీరు పట్టుకోవద్దు" అన్నాడు కాకా.

"ఏం, జ్వరమా?"

"గజ్జి."

పకపకా నవ్వారు. కాకా హాస్యానికి అన్నాడనుకున్నారు. ఆయన అంగీ చేతులు పైకి లాగి వేళ్ళు విడదీసి చూపించాడు. చర్మం చెక్కు కట్టి, పగిలి, నెత్తురు గీతలు.

"అది నీ చేతి మహిమ కదా కాకా, రోగం దిగడం..."

"మహిమా లేదు, మట్టీ లేదు. గజ్జి. మీ మందల్లో తిప్పింది నేను. ఒక మందలో కత్తిరించిన బొచ్చు జోలెలో పెట్టుకుని ఇంకో మందలో పడుకున్నా. ఓటా మందకు మూడుసార్లు అంటించింది నేనే. ఇప్పుడు నా మందకూ పట్టింది. ఓటా ఎక్కడున్నాడు? వాగు అవతల. మరి నాకెట్లా పట్టింది?"

"చలికి మెదడు గడ్డ కట్టినట్టుంది" అన్నాడు ఒకడు. "కోడలు తిండి పెట్టడం లేదేమో" అన్నాడు ఇంకొకడు. నమ్మరు. ఎలా నమ్ముతారు? ఆయన మాట అబద్ధమైతే, ఆ మాట పట్టుకుని ఒక మనిషిని తరిమిన వాళ్ళంతా ఏమవుతారు? నమ్మకపోవడమే అందరికీ సుఖం.

కాకా తలపాగా విప్పాడు. ఎర్రటి పాగా మొత్తం చుట్ట చుట్టి తొట్టి గట్టు మీద పెట్టి, నెరిసిన ఒట్టి తలతో నిలబడ్డాడు. మా మగవాడు చచ్చినా నలుగురిలో పాగా దించడు. నవ్వులు ఆగిపోయాయి. మోట తోడేవాళ్ళు కూడా తాడు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

అందరికంటే ముందు భీకా లేచాడు. "మా ఒంటె పిల్ల చచ్చిపోయింది" అన్నాడు. "పుష్యంలో చచ్చింది. నువ్వొచ్చి రుద్దిన పదోనాడు. మా అమ్మ నీ కాళ్ళు కడిగింది కదయ్యా!"

"కడిగింది" అన్నాడు కాకా.

భీకా చేతికర్ర ఎత్తి, ఎవరో పట్టుకుంటే దించి, వాడి ఒంటెల మధ్యకు పోయి నిలబడ్డాడు. పూనాజీ లేచి కట్టుబాటు ప్రకారం చెప్పాడు. ఓటా మంద తొట్టికి రావచ్చు. గమ్నా మంద రాకూడదు. ఇకపైన ఎవరి మందను వాళ్ళే రుద్దుకుంటారు. పాగా తీసి కట్టుకోమని మాత్రం ఆయన అనలేదు, ఇంకెవరూ అనలేదు.

కాకాకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది గొంతు దాకా వచ్చింది. ఇంత చెప్పాను, చాలదా, వెలి పోయింది కాబట్టి ఆ మాట కూడా దానంతటదే రాలిపోతుందిలే అనుకున్నాడు. ఒట్టి తలతోనే వాగు వైపు నడిచాడు. నడుస్తున్నంతసేపూ కాస్త తేలిగ్గా కూడా అనిపించింది.

వాగు అవతలి ఇసుకలో ఓటా మంద కనబడింది. దూరం నుంచే కాకా నిలబడిపోయాడు. ఒంటెలు నున్నగా ఉన్నాయి. మెడల మీద, తొడల మీద లేత బొచ్చు మొలిచింది. ఒక్కటి కూడా ఒరుసుకోవడం లేదు. ఏడు పల్లెల్లోనూ ఇంత ఆరోగ్యంగా ఉన్న మంద ఇంకొకటి లేదు.

"అక్కడే ఆగు కాకా!"

ఓటా చెలమ దగ్గర నుంచి లేచాడు. ఇద్దరి మధ్యా వాగు వెడల్పంత దూరం.

"నేను మందు వెయ్యడానికి రాలేదురా."

"వేస్తానన్నా వద్దు. నూనె నేనే కాచుకున్నా. పది రోజులకోసారి దొడ్డి మార్చుకున్నా. నువ్వు రాని నెలన్నరలో తగ్గింది." ఓటా గొంతులో కోపం లేదు. ఉన్నమాట చెబుతున్నట్టుంది, అంతే.

"పెద్దలు నీ వెలి ఎత్తేశారు. గజ్జి తెచ్చింది నువ్వు కాదు, నేనని చెప్పా. అందరి ముందూ చెప్పా. మందను తొట్టికి తోలుకురా."

"గజ్జికా కాకా నన్ను వెలేసింది?"

కాకా వేళ్ళు గోక్కున్నాడు.

"గజ్జికయితే మందను ఆపుతారు, మనిషిని ఆపరు. మా అత్త చచ్చిపోతే నా పెళ్ళాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఆమె చెల్లెలే తలుపేసింది. అది గజ్జికా?"

"బేరగాడు వచ్చాడంట కదా. అమ్మొద్దురా ఓటా. నీకు దణ్ణం పెడతా."

"వచ్చాడు. అమ్మనన్నా. లోకమంతా నువ్వు అమ్మావనే అంటుంటే అమ్మకుండా నువ్వు కాపాడుకునేదేంది అన్నాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఎల్లుండి మళ్ళీ వస్తాడు." ఓటా తన పదిహేను ఒంటెల వైపు చూసి, మళ్ళీ ఇటు తిరిగాడు. "నేను అమ్మానన్నావు కదా. అది అబద్ధమని అక్కడ చెప్పావా?"

"లేదు."

"గజ్జి సంగతి చెప్పినోడివి, అది ఎందుకు చెప్పలా?"

గమ్నా కాకా ఇసుకలో కూలబడ్డాడు. కూర్చోవడం రాని మనిషి, అలా కూర్చుని తలెత్తకుండా అన్నాడు: "గజ్జి పొరపాటున అంటించానురా. ఆ మాట తెలిసే అన్నా. భీకా గాడు నవ్వాడని అన్నా. నువ్వు అమ్మలేదని నాకు అప్పుడే తెలుసు."

ఓటా, "ఇప్పుడు నాకు చెప్పింది అక్కడ చెప్పు. అది చెబితే బేరగాణ్ణి పంపేస్తా" అన్నాడు.

కాకా లేచాడు. పొద్దు కొండ వైపుకు వాలుతోంది. మందలు తొట్టి వదిలి ఇళ్ళ దారి పట్టే వేళ. పట్టాయంటే ఏడు పల్లెలూ ఏడు దారులవుతాయి, మళ్ళీ అందరూ ఒకచోట చేరేది పౌర్ణమి దాటాకే. ఇంటింటికీ తిరిగి చెబితే అది చెప్పినట్టు కాదు. అందరి ముందూ అన్నమాట అందరి ముందే కక్కాలి. మొదట వడివడిగా నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. అరవై రెండేళ్ళ కాళ్ళు ఇసుకలో దిగబడుతుంటే రొప్పుతూ, తడబడుతూ, ముళ్ళు గీరుకుంటుంటే చూసుకోకుండా పరుగెత్తాడు.

ఆఖరి మిట్ట ఎక్కేసరికి తొట్టి దగ్గర దుమ్ము లేస్తోంది. భీకా మంద అప్పుడే కదిలింది. పూనాజీ కర్ర పుచ్చుకుని నిలబడి ఉన్నాడు. ఇంకా చేరుకోలేదు, చేరుకునేదాకా వాళ్ళు ఆగరు. కాకా ఉన్నచోటే నిలబడి రెండు చేతులూ ఎత్తి, ఊపిరి కూడదీసుకుని అరిచాడు.

"ఓటా ఏ ఒంటెనూ అమ్మలేదు! నేను అబద్ధమాడాను!"

ఒంటెలు తలలెత్తాయి. మనుషులు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. పూనాజీ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏందీ?" అన్నాడు.

కాకా మళ్ళీ చెప్పాడు.